హనుమక్క కంచెకు వినబడిన గెలాక్సీ

మా హనుమక్క చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, తన శెనక్కాయ చేని గట్టు మీద నిలబడింది. ఎదురుగా రేడియో కేంద్రం శాస్త్రవేత్త ఫిర్దౌస్ మేడం, రిజల్ట్స్ బోర్డు ముందు నిలబడ్డ పిల్లలాగా, అక్క ముఖంలోకే చూస్తోంది. నేను కంచె తీగను మోసే రాతికూసానికి బిగించిన పెట్టెకు చివరి మర తిప్పుతున్నాను.

"ఏం వినబడుతోంది అక్కా?" అని అడిగింది మేడం.

"బజ్జీలు."

"ఏంటీ?"

"కాగిన నూనెలో మిరపకాయ బజ్జీలు యేసినట్ల సుయ్యిమంటాంది. దీనికోసరమేనా మేడమ్మా, నువ్వు ఆదోని నుంచి ఈడికొచ్చి ఎనిమిదేండ్లు ఎండలో మాడింది?"

మేడం నవ్వింది. "దీనికోసరమే అక్కా. ఆ సుయ్యిలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు మన పాలపుంతది. మిగిలిన రవ్వంతలో రవ్వంత మా గద్దది."

గద్ద అంటే పక్షి అనుకునేరు. అదొక గెలాక్సీ. దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సెల్‌ఫోన్ నంబరంత పొడుగుంటుంది. మొదటి ఫొటోలో ఒక రెక్క చాపినట్టు కనబడిందని మా గుడ్డంపల్లి వాళ్ళు దాన్ని ఒంటిరెక్క గద్ద అన్నారు. అదే పేరు మేడం ల్యాబులోనూ నిలిచిపోయింది.

నా గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు తిప్పేస్వామి. కళ్యాణదుర్గం రోడ్డులో మోటార్ల వైండింగ్ షాపు. పదో తరగతి తప్పినవాణ్ణి. ఆకాశం నుంచి వచ్చే రేడియో అలలు వినే కేంద్రం మా ఊరి దగ్గరికి వచ్చినప్పుడు, తీగలు లాగడానికీ రైతులతో మాట్లాడడానికీ ఒక మనిషి కావాలంటే నేను వెళ్ళాను. మేడం చెప్పిన సంగతులు నాకు అర్థమైన మేరకే చెబుతున్నాను.

కొన్ని గెలాక్సీల నడిమధ్యలో పెద్ద బ్లాక్‌హోల్ ఉంటుందట. అది దగ్గరికొచ్చిన సరుకును మింగుతూ, కొంత మింగలేక రెండు పక్కలకూ ధారగా చిమ్ముతుంది. ఆ ధారలు గెలాక్సీని దాటి ఎక్కడికో పోయి, అక్కడ రెండు పెద్ద రెక్కల్లా పరుచుకుంటాయి. ఒక కొస నుంచి ఇంకో కొసకు వెలుగు నడవాలంటే కోటి ఏళ్ళ పైమాటే. ఆ రెక్కలు కంటికి కనబడవు, రేడియో అలలుగా మాత్రమే తెలుస్తాయి. నడిమధ్యన చిమ్మడం ఆగిపోయినా రెక్కలు చాలా కాలం అలాగే ఉంటాయి. వయసు మీదపడేకొద్దీ వాటి గొంతు కిందికి దిగిపోతుంది, అలలు పొడుగైపోతాయి. అంత పొడుగు అలలు వినాలంటే మామూలు గొడుగు యాంటెన్నాలు చాలవు, మైళ్ళ కొద్దీ తీగ కావాలి.

మేడం బుర్రలో మెరిసింది ఇక్కడే. మైళ్ళ కొద్దీ తీగ మా చేలకు ఎలాగూ ఉంది. అడివి పందుల కోసం మూడు మండలాల్లో ప్రతి రైతూ కంచె లాగి ఉన్నాడు. ఒక్కో కంచెకు ఒక్కో పెట్టె తగిలించి, పదకొండు వందల నలభై కంచెలను కలిపి ఒకే చెవిగా మార్చింది. ప్రపంచంలో ఇంకెవరికీ లేని చెవి అది.

చిక్కు ఒక్కటే. కంచెలకు ఝట్కా మిషన్లుంటాయి. సెకనుకొకసారి తీగలోకి టక్కుమని కరెంటు వదులుతాయి, పంది ముట్టుకుంటే ఎగిరి పడుతుంది. ఆ టక్కు ఉన్నంతసేపూ గద్ద వినబడదు. అందుకని ఇరవై ఒక్క రోజులు, తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా, మిషన్లన్నీ ఆపాలి.

ఊరూరూ తిరిగి రైతుల్ని ఒప్పించింది నేనే. చివరగా మా అక్క చేను. అదే దక్షిణం కొస. చెవి ఎంత వెడల్పుంటే చూపు అంత సన్నంగా ఉంటుందట. ఆ కొస లేకపోతే గద్ద రెండో రెక్క ఉందో లేదో తేలదు.

"పందులొచ్చేది కూడా ఆ యాళకేరా తిప్పా," అంది అక్క. "నా చేన్లో ఉండేది ఉత్త కాయలు కాదు. ఇత్తనం."

అది నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా చెట్టు చెట్టూ చూసి ఏరి తయారు చేసుకున్న విత్తనం అక్కది. నలభై రోజులు వాన రాకపోయినా వాడదు. చుట్టుపక్కల నలభై ఇళ్ళవాళ్ళు ఏటా ఆమె దగ్గరే కొంచెం పట్టుకుపోయి చల్లుకుంటారు. శెనక్కాయ విత్తనం రెండో ఏటికి సరిగా మొలవదు, దాచుకోవడానికి లేదు. ఉన్నదంతా ఆ నాలుగెకరాల్లోనే ఉంది. పైగా ఆ కొసన వాన ఆలస్యమై, ఆమె అందరికంటే మూడు వారాలు వెనక వేసింది.

"నీ చేనికి ఏమీ కాదక్కా. నాదీ పూచీ," అన్నాను.

"నీ పూచీ నాకు తెల్దా? నా పెండ్లికి మైక్‌సెట్టు నాదీ పూచీ అన్న్యావు. తాళి కట్టేటప్పుడు మూగబాయె." అలా అంటూనే మిషను స్విచ్చి కట్టేసింది.

* * *

పందులకు గడియారం తెలియదని ఎవరన్నారో కానీ, నాలుగు రోజుల్లో వాటికి మూడింటి సంగతి తెలిసిపోయింది. ఐదో రోజు అక్క చేని మూలలో రెండు సాళ్ళు దున్నేసినట్టు తవ్వాయి. అక్క నన్ను ఏమీ అనలేదు. తవ్విన చోట కూర్చుని, మిగిలిన కాయలు ఏరి కొంగులో వేసుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే షాపులో పాత కారు మోటారు ఒకటి తీశాను. రేడియేటర్ ముందు ఫ్యాను తిప్పే మోటారు. దానికి రేకు రెక్కలు బిగించి, వెనక ఒక నూనె డబ్బా కట్టి, అక్క చేని కూసానికి ఎక్కించాను. గాలికి రెక్కలు తిరుగుతాయి, చిన్న గొలుసు డబ్బా మీద డబడబా కొడుతుంది. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. కాబట్టి మేడం చెవికి ఏ ఇబ్బందీ లేదు. మోటారు వైర్లు రెండూ వేలాడుతుంటే కలిపి మెలేసి టేపు చుట్టాను. వైరు కొసలు విడిగా వదిలేయడం ముప్ఫై ఏళ్ళుగా నా చేతికి అలవాటు లేదు. మెలేశాక ఫంకా కాస్త బరువుగా, నిదానంగా తిరిగి, దెబ్బ గట్టిగా పడింది. చూసుకుని మురిసిపోయాను.

మా ఆవిడ గంగరత్న కూడా మెచ్చుకుంది. "ఇన్నాళ్ళకు మీ అక్కకు పనికొచ్చే పని ఒగటి చేసినావు."

తొమ్మిదో రోజు మేడం ఫోను చేసింది. గొంతు బాగాలేదు.

"తిప్పేస్వామి గారూ, చెవి నిండా చెత్త. తెల్లవారుజామున యంత్రం గీసిన గీతలన్నీ మసకబారాయి. దక్షిణం వైపు ఎక్కడో ఏదో నడుస్తోంది."

అది కనిపెట్టడం నా పనే. చేతిలో పట్టుకునే చిన్న యాంటెన్నాతో బయల్దేరాను. కోళ్ళఫారం చూశాను, వెల్డింగ్ షెడ్డు చూశాను, ట్రాన్స్‌ఫార్మర్ల కింద నిలబడ్డాను. ఒక రైతు దగ్గర మిషను ఆగలేదని అనుమానపడి మాట కూడా తూలాను.

"నీ గద్ద కోసరం నేను నిద్ర చెడగొట్టుకోని ఆపుతాంటే, నామీదనే నిందేస్తావా?" అని ఆయన కండువా దులిపి వెళ్ళిపోయాడు.

చెత్త ఒక రోజు ఉండేది, రెండు రోజులు ఉండేది కాదు, మళ్ళీ వచ్చేది. దక్షిణం వైపు నూట అరవై కంచెలు చూశాను. నూట అరవై ఒకటోది మా అక్కది. అది చూడలేదు. నేనే కట్టిన చోట చూసేదేముంది?

ఇరవయ్యో రోజు ల్యాబులో గీతల కాగితాలు పరిచి, మేడం తలపట్టుకుని కూర్చుంది. "ఏడు రోజులు పోయాయి. మొత్తం ఇరవై ఒక్కటీ ఉంటేనే రెండో రెక్క తేలుతుంది. తేలకపోతే ఈ నెలాఖరుకు పెట్టెలన్నీ విప్పి పంపించేయమంటారు. వాటికోసం వేరేచోట వాళ్ళు కాచుకుని ఉన్నారు."

నేను ఊరికే ఆ ఏడు తేదీలు చదివాను. వాటిలో మూడోదాని దగ్గర ఆగిపోయాను. ఆ పొద్దున మా షాపు రేకు లేచిపోయింది. దాని తర్వాతది? ఆరోజు గంగరత్న ఆరేసిన దుప్పటి పక్కింటి మిద్దె మీద దొరికింది. ఏడూ గాలి ఉన్న తెల్లవారుజాములే.

గాలికి తిరిగేది ఏముంది?

నేను కట్టిన ఫంకా. అది అయస్కాంతాలున్న మోటారు. కరెంటు ఇస్తే తిరుగుతుంది, మనం తిప్పితే అదే కరెంటు పుట్టిస్తుంది. వైర్లు విడిగా ఉంటే ఆ కరెంటు పోవడానికి దారి ఉండదు. నేను కలిపి మెలేశాను. లోపల ఒరుసుకునే బొగ్గు ముక్కల దగ్గర నిప్పురవ్వలు రాలుతుంటే, ఫంకాను కూసానికి కట్టిన తీగ కంచెకు తగిలి, ఆ గోలంతా తిన్నగా మేడం చెవిలోకి పోయింది. డైనమో అంటే ఏమిటో రోజూ పది మందికి చెప్పేవాణ్ణి నేను.

"మేడం," అన్నాను. "అది నేనే."

అంతా చెప్పాను. ఆమె లేచి వెళ్ళి, ఫ్లాస్కులో టీ రెండు గ్లాసుల్లో పోసుకొచ్చింది.

"అరవైమంది ఇంజనీర్లు రాసిన లిస్టు ఉంది నా దగ్గర, గోల చేసే వస్తువులది," అంది. "అందులో కరెంటు లేని ఫంకా లేదు. ఇప్పుడు రాస్తాను." టీ తాగి గ్లాసు కింద పెట్టింది. "ఇంకో ఏడు రోజులు కావాలండీ. నెలాఖరులోపు దొరికేవీ ఏడే, ఒక్కటి కూడా పోవడానికి లేదు. అక్కను ఎవరడగాలి?"

* * *

అడగాల్సింది నేనే.

అప్పటికి ఊళ్ళో అందరూ కాయ పీకేశారు. ఎటు చూసినా ఎర్రటి మన్ను, మధ్యలో అక్క నాలుగెకరాలు ఒక్కటే పచ్చగా ఉంది. ఇంకో పన్నెండు రోజులుంటేగానీ కాయ గట్టిపడదు. ముందే పీకితే ముడుచుకుపోయి విత్తనానికి పనికిరాదు. ఆ చుట్టుపక్కల పందులన్నిటికీ మిగిలిన విస్తరి అదొక్కటే.

ఫంకా విప్పి సైకిలు ఇరుసు మీదికి మార్చాను. అయినా ఆ చప్పుడు పందులకు ఎప్పుడో పాతబడిపోయింది. డబ్బా కిందే తవ్వుతున్నాయి.

అక్క కలుపు తీస్తోంది. నేను గట్టు మీద నిలబడి మొత్తం చెప్పాను. నా తప్పు కూడా చెప్పాను. ఆమె చేతిలో కొడవలి ఆగింది.

"ఇంగా ఏడు దినాలా?"

"వద్దంటే వద్దనే చెబుతానక్కా. మేడం ఏమీ అనుకోదు."

"ఆ యమ్మ అనుకోదు. నువ్వు అనుకుంటావు, సచ్చేదాంక." కొడవలి మన్నులో గుచ్చింది. "సరే, అది ఇనకపోతే ఏమైతాది? నాకు అర్థమయ్యేట్ల చెప్పు."

"బోరు అనుకోక్కా," అన్నాను. "ఎండిపోయినాక కూడా చేన్లో కొన్నాళ్ళు తడి ఉంటుంది కదా. ఆ తడిని చూసి, బోరు ఎప్పుడు పోసింది, ఎప్పుడు ఎండింది, మళ్ళీ పోసిందా లేదా అని మేడం చెప్పాలనుకుంటోంది. రెండో పక్క తడి ఇంకా దొరకలేదు."

మా ఊళ్ళో బోరు ఎండడం అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అక్క బతుకులోనే మూడు ఎండాయి, ఇప్పుడు సన్నగా పోసేది నాలుగోది.

"పరిహారమిస్తామని చెప్పినారా?"

"చెప్పినారు."

"వద్దని చెప్పు. ఈ ఇత్తనం ఏ అంగట్లో దొరకతాదని? దానికి బదులు ఆ మేడమ్మను, ఆ కళ్ళద్దాల ఇంజనీర్లను తెల్లార్తో చేన్లో నిలబడమను. గొంతులుండాయి గదా, అరుస్తారు. పందికి రెండో రెక్క యట్లుంటాదో ఇంగ్లీషులో చెప్పమను."

* * *

మొదటి నాలుగు తెల్లవారుజాములు బాగానే గడిచాయి. సెల్‌ఫోన్లు, టార్చీలు కూడా చెవికి గోలేనని అన్నీ ల్యాబులో పెట్టి, నూనెగుడ్డ దివిటీలు పట్టుకుని చేని చుట్టూ తొమ్మిదిమంది నిలబడేవాళ్ళం. మేడం పెద్ద చదువులు చదివింది కానీ అరవడం రాదు. "హుష్, హుష్" అనేది.

"కోడిని తోల్తాండావా మేడమ్మా?" అని గంగరత్న పడీ పడీ నవ్వేది. "కడుపులోనుంచి రావల్ల. హోయ్! అను."

మూడో రోజుకు మేడం హోయ్ అంటే ల్యాబు వాచ్‌మన్ లేచి కూర్చున్నాడట.

ఐదో రోజు తూర్పున కాస్త ఎరుపు పాకేవేళకు మేం వంక అనే చేని పక్క వాగు వైపు నుంచి పందులు వచ్చాయి. పద్నాలుగు లెక్కపెట్టాను, ఇంకా ఉన్నాయి. దివిటీలకు బెదరలేదు. మేం ఒక పక్క తోలితే ఇంకో పక్క దిగాయి. మట్టి చిమ్ముతున్న చప్పుడు, కాయలు పటపట నములుతున్న చప్పుడు, మధ్యలో మా కేకలు.

నాకు పిచ్చి పట్టినట్టయింది. ఝట్కా మిషను దగ్గరికి పరుగెత్తాను. స్విచ్చి మీద చెయ్యి వేసేసరికి అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఎంతసేపుండాది ఆరుకు?"

"నలభై నిమిషాలక్కా! అంతలో ఏమీ మిగలదు. వదులు!"

"ఇది ఏస్తే ఈ దినం పోతాదా?"

"పోతే పోనీ!"

"ఈ దినం పోతే ముందర దినాలన్నీ పోయినట్లే గదా. మనం తెల్లార్లూ అరిసిందీ పోయినట్లే." ఆమె పట్టు వదలలేదు. "ఒరే, రెండు పక్కలా పోగొట్టుకునేదాని కంటే ఒగ పక్కన్నా దక్కనీ. పో, వంక తట్టు అరుసుపో."

ఆమె దివిటీ పట్టుకుని విత్తనం బాగా పట్టిన పడమటి మడికి పోయింది. మిగిలిన చేనంతా వదిలేసి అందరినీ అక్కడికే పిలిచింది. ఆ ఒక్క మడి చుట్టూ తొమ్మిదిమందిమి భుజం భుజం ఆనించి నిలబడ్డాం. మేడం నా పక్కనే ఉంది. గొంతు పూర్తిగా పోయి, చప్పుడు రాకుండానే నోరు తెరిచి అరుస్తోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

ఆరింటికి అక్క మిషను వేసింది. ఒక పంది కీచుమని ఎగిరింది. మిగిలినవి నింపాదిగా వంకలోకి దిగిపోయాయి.

నాలుగెకరాల్లో ఎకరా పాతిక సెంట్లు మిగిలింది.

ఆ తర్వాత రెండు రోజులు పందులు రాలేదు. వంక పక్కన వాటికి ఇంకేముందని?

కాయ పీకిన రోజు అక్క విత్తనం కొలిచింది. తనకు సరిపోతుంది. నలభై ఇళ్ళకు ఈసారి ఇవ్వడానికి లేదు. ఒక్కో ఇంటికీ తనే నడిచి వెళ్ళి, "ఈ ఏడు ల్యా, వచ్చే ఏటికి ఇస్తా" అని చెప్పి వచ్చింది. నేను వెంట వస్తానంటే వద్దంది. కొందరు సరేనన్నారు. కొందరు మొహం తిప్పుకున్నారట. అది మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

* * *

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మేడం మా ఇద్దర్నీ ల్యాబుకు రమ్మంది. అక్క చేతిసంచీతో వచ్చింది. అందులో ఉడకబెట్టిన శెనక్కాయలు.

"పందులు తొక్కిన కాయలే. తినండి, కడిగే ఉడకేసినా," అని టేబుల్ మీద, కాగితాల మధ్య కుమ్మరించింది.

మేడం గోడకున్న పెద్ద తెర మీద బొమ్మ వేసింది. నల్లటి ఆకాశంలో ఎర్రగా ఉత్తరం రెక్క. దానికి ఎదురుగా, కాస్త వంగి, దక్షిణం రెక్క. గద్దకు రెండో రెక్క ఉంది.

"వచ్చింది గదా," అంది అక్క, తన దూడ ఇంటికి వచ్చినట్టు.

"అదొక్కటే కాదక్కా. ఇటు చూడండి." మేడం ఏదో నొక్కింది. రెక్కల కొసలకు ఆవల, ఇంకా దూరంగా, ఊదారంగు పొగలాంటి మరో జత కనబడింది. "ఇవి ఇంకా పాతవి. ఇన్నాళ్ళూ ఎవరికీ వినబడలేదు. మీ కంచె లేకపోతే మాకూ వినబడేవి కావు. నడుమ చూశారా, ఈ రెండు చుక్కలు? అవి కొత్త జత, ఇప్పుడే మొలుస్తున్నాయి. అంటే ఆ నడిమధ్య రెండుసార్లు ఎండిపోయి మళ్ళీ మొదలైంది."

అక్క వలుస్తున్న కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఎండినాక మళ్ళీ పోసిందా? రెండుసార్లా?"

"అవునక్కా."

"మా ఊర్లో ఏ బోరూ అట్ల చేసింది ల్యా మేడమ్మా." లేచి వెళ్ళి తెరకు దగ్గరగా నిలబడింది. ఊదారంగు పొగ మీద వేలు పెట్టి కొలుస్తున్నట్టు కదిపింది. తర్వాత వెనక్కి తిరగకుండానే అడిగింది. "దీని కొస తెగిపోయింది. తక్కిందేదీ?"

"అది తేలాలంటే ఇంకో సీజన్ వినాలి. పెట్టెలు ఇక్కడే ఉంచుకోమన్నారు." మేడం గొంతు తగ్గించింది. "కానీ మిమ్మల్ని మాత్రం నేను అడగనక్కా. ఈసారి దక్షిణం కొసకు వేరే తీగ ఏదైనా..."

"నువ్వు అడగొద్దులే. నేనే అడుగుతాండా. ఎప్పుడు?"

"అదే అక్టోబరు, అవే రోజులు. అది మనకోసం ఆగదు కదా."

అక్క వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "వాన కోసరం కాచుకుంటే మళ్ళీ ఇదే కత. జూన్ మొదట్లోనే బోరుతో తడిపి యేస్తా. మీ చుక్క వచ్చేలోపల నా కాయ ఇంట్లో ఉంటాది. ఖాళీ చేను, ఉత్త కంచె. ఎన్ని దినాలు ఇంటారో ఇనుకోండి."

మేడం గుప్పెడు కాయలు తీసుకుని వలవడం మొదలుపెట్టింది. నేను నోరు తెరుచుకుని అక్కనే చూస్తున్నాను. పందులు చేనంతా తవ్విన ఆ రోజు నుంచి ఆమె నాకు ఒక్క పనీ చెప్పలేదు. ఆ సంగతి నాకు ఒక్కడికే తెలుసు.

"ఏమిరా తిప్పా, అట్ల సూస్తావు?" అంది అక్క. "బోరు మోటారు కాలి కూసోని నెల దాటింది. వాకిట్లో పెట్టినా. పోతాపోతా ఎత్తుకోనిపోయి తీగ చుట్టు."

టేబుల్ మీద కాయలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి. అయినా లేచాను.